డిష్‌వాషర్ మొరాయిస్తే నేనే రావాలా?

మొన్న ఆదివారం చిక్కడపల్లి మార్కెట్‌లో కూరగాయలు కొనుక్కుని ఇంటికొచ్చేసరికి, మా వారు, మా ఆడపడుచు కొడుకు డిష్‌వాషర్ ముందు నిలబడి ఉన్నారు. పిల్లాడు మా ఇంట్లోనే ఉండి అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కి వెళ్తున్నాడు.

"మెషిన్ పాడైంది. మెకానిక్ ఎల్లుండి వస్తాడట" అన్నారు ఈయన.

మధ్యాహ్నం నారాయణగూడ నుంచి మా పిన్ని వాళ్లు భోజనానికి వస్తున్నారు. లోపల రాత్రి గిన్నెలు, సింకులో పొద్దుటి ఇడ్లీ పాత్ర. అవన్నీ ఎవరు తోమాలో వేరే చెప్పాలా?

కొంగు బిగించబోయి ఆగాను. "నేను చెబుతాను, నువ్వు చూడు నాన్నా" అన్నాను పిల్లాడితో.

ముందు కరెంటు. పొద్దున కాసేపు కరెంటు పోయింది కాబట్టి ఎంసీబీ పడిపోయిందేమో చూడమన్నాను. బాగానే ఉంది. (పైకెత్తినా మళ్లీ మళ్లీ పడిపోతుంటే మాత్రం దాంతో ఆటలొద్దు, ఎలక్ట్రీషియన్ని పిలవాల్సిందే.) మెషిన్ మీద లైటు కూడా వెలుగుతోంది. తర్వాత వెనక కుళాయి. తెరిచే ఉంది, ట్యాంకులో నీళ్లూ ఉన్నాయి. చైల్డ్ లాక్ లేదు. కొన్ని గంటల తర్వాత మొదలయ్యేలా డిలే స్టార్ట్ ఎవరూ నొక్కలేదు.

"తలుపు గట్టిగా వేసి చూడు. టక్కుమందా?"

"లేదత్తయ్యా."

తలుపు తీస్తే దొరికింది దొంగ! పై అరలో అడ్డంగా పెట్టిన అట్లకాడ పిడి ముందుకు పొడుచుకొచ్చి తలుపుకి తగులుతోంది. తలుపు గొళ్లెం పడకపోతే ఈ మెషిన్ మొదలవదు. అట్లకాడ సర్ది, తలుపు వేసి బటన్ నొక్కాడు. లోపల నీళ్ల చప్పుడు!

రాత్రి గిన్నెలు సర్దింది మా వారే. "మీరు ఒక్క పని చేస్తే చాలు..." అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఎందుకంటే తప్పు నాలోనూ ఉంది. ఇంతకుముందు ఆయన ఎప్పుడు సర్దినా, వెనకే వెళ్లి అన్నీ తీసి మళ్లీ నా పద్ధతిలో పెట్టేదాన్ని. నాలుగుసార్లు అలా జరిగితే ఐదోసారి ఎవరు ముట్టుకుంటారు?

1886లో అమెరికాలో జోసెఫిన్ కాక్రేన్ అనే ఆవిడ గిన్నెలు కడిగే యంత్రానికి పేటెంట్ తీసుకున్నారు. 1893 చికాగో ప్రదర్శనలో ఆ యంత్రాలు అందరినీ ఆకట్టుకున్నాయి. ఆవిడ పుణ్యాన మన చేతులకి తోముడు తప్పింది. కానీ సబ్బు ఎప్పుడు అయిపోయింది, ఉప్పు ఎప్పుడు వేయాలి, జాలీ ఎప్పుడు కడగాలి, ఆగిపోతే ఎందుకు ఆగింది అన్నీ ఒక్క మనిషి బుర్రలోనే ఉంటే, పని తగ్గినట్టా? బరువు చేతుల్లోంచి తలకెక్కింది, అంతే.

నా మాటొకటే. ఇంట్లో మెషిన్ అందరిదీ అయితే, దాని గురించి తెలియడం కూడా అందరిదీ కావాలి. కరెంటు, కుళాయి, లాక్, డిలే, తలుపు అని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను.

భోజనాలయ్యాక ఈయనే గిన్నెలు సర్దారు. రెండు ప్లేట్లు అటు తిరిగి ఉన్నాయి. చూసి కూడా ఊరుకున్నాను. కష్టమే సుమా! మీరూ ఒకసారి ఊరుకుని చూడండి.