ముద్దపూలూ, రేకపూలూ

మన పెద్దలు మందారాన్ని రెండుగా విడదీసి పేర్లు పెట్టారు: ముద్దమందారం, రేకమందారం. బంతికీ, నందివర్ధనానికీ కూడా ఈ విభజన ఉన్నది. రెండింటిలో ముద్దపూవుకే మన దగ్గర గౌరవం ఎక్కువ. జడలోనూ అదే, గుమ్మం మీది తోరణంలోనూ అదే. 1981లో జంధ్యాల దర్శకుడిగా తన తొలి చిత్రానికి పెట్టుకున్న పేరు కూడా ‘ముద్దమందారం’. రేకమందారాన్ని పొగిడేవారు అరుదు. అయినా మేడ మీదా, బాల్కనీలోనూ కుండీల్లో మొక్కలు పెంచుకునేవారు రేకపూలనే ఎంచుకోవాలన్నది నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ముద్దపూవు అంటే, పుప్పొడిని మోయవలసిన కేసరాలు చాలావరకు రేకులుగా మారిపోయిన పూవు. మనిషి కంటికి అది సమృద్ధి. తేనెటీగకు మాత్రం తలుపులు మూసిన సత్రం. అందులో పుప్పొడి ఉండదు, ఉన్నా కొంచెమే. మకరందం ఉన్నా దానికి పోయే దారి రేకుల మడతల్లో మూసుకుపోతుంది. బంతి సంగతి కొద్దిగా వేరు. అది ఒక్క పూవు కాదు, చిట్టిపూల గుంపు. ముద్దబంతిలో నడుమ ఉండవలసిన గొట్టపుపూలు చాలావరకు నాలుకల్లాంటి రేకులుగా మారి ఉంటాయి. ఫలితం మాత్రం అక్కడా ఇదే.

నర్సరీల్లో ముందు వరుసలో ఉండేవి ఎక్కువగా ముద్దరకాలే. అమ్మేవారిని తప్పుపట్టను. మనం అడిగినదే వారు తెచ్చిపెడతారు.

‘తేనెటీగ రాకపోతే మనకేమి నష్టం?’ అని అడగవచ్చు. జీవవైవిధ్యాన్ని అధ్యయనం చేసే అంతర్జాతీయ వేదిక ఐపీబీఈఎస్ 2016లో ఒక నివేదిక ఇచ్చింది. ప్రపంచంలోని ముఖ్యమైన ఆహారపంటల రకాల్లో మూడువంతులకు పైగా, ఎంతో కొంత మేరకు, కీటకాలూ పక్షులూ వంటి ప్రాణులు జరిపే పరాగసంపర్కం మీద ఆధారపడి ఉన్నాయని దాని సారాంశం. అంత దూరం పోనక్కరలేదు. మిద్దె మీద గుమ్మడి తీగ వేసినవారిని అడగండి. పూవు పూస్తుంది, పిందె కనిపిస్తుంది, రెండురోజుల్లో పసుపుబారి రాలిపోతుంది. చివరకు మగపూవును తెంపి ఆడపూవుకు అద్దే పని మనిషే చేసుకోవలసి వస్తుంది.

సాహిత్యం మీద ప్రేమ ఉన్నవారికి ఇంకొక నష్టం కూడా ఉన్నది. ‘తుమ్మెద పదాలు’ అనే పాటల సంగతి పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో ప్రస్తావించాడు. అంటే తుమ్మెద మన భాషలో అంత పాతకాపు. ఈనాడు నగరంలో పెరిగే పిల్లవాడికి ఆ మాట పాఠ్యపుస్తకంలో ఎదురవుతుంది, పురుగు మాత్రం ఎదురుకాదు. పదానికి అర్థం నిఘంటువులో మిగిలితే చాలునా? నల్లగా నిగనిగలాడుతూ, ఎండిన కొయ్యకు బెజ్జం చేసుకుని కాపురముండే ఆ ప్రాణిని చూడనివాడికి మన పద్యాల్లో సగం ఉపమానాలు వట్టి శబ్దాలే.

కాబట్టి మొక్కను కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలంటాను. కుండీలో పొట్టిగా, గుబురుగా ఇముడుతుందా? ఒక్క రుతువుతో చచ్చిపోకుండా ఏళ్ళ తరబడి బతుకుతుందా? దాని పూవులో పురుగుకు తినడానికి ఏమైనా ఉన్నదా? చలికాలపు మొక్కలు తెచ్చి ఫిబ్రవరి దాకా మురిసి, మార్చిలో కుండీలు ఖాళీ చేస్తే, సరిగ్గా మేత అవసరమైనప్పుడు తేనెటీగకు ఏమీ మిగలదు. బహువార్షికాల గొప్ప ఇక్కడే ఉన్నది.

ఈ మూడు పరీక్షల్లోనూ నెగ్గినవాటిలో మొదటిది తులసి. పది పన్నెండు అంగుళాల కుండీలో రెండడుగుల ఎత్తున హాయిగా ఉంటుంది. అయితే ఆకు దట్టంగా రావాలని వెన్నులు వేసినవి వేసినట్టు గిల్లిపారేస్తాము. తేనెటీగలు వచ్చేదే ఆ వెన్నుల మీది చిట్టిపూల కోసం. సగం కొమ్మలు గిల్లండి, సగం వదిలేయండి. ఆకు మనకు, పూవు వాటికి.

రెండవది వంగ. నవ్వకండి. దీన్ని ఏకవార్షికంగా సాగుచేస్తారు గాని, స్వభావరీత్యా ఇది బహువార్షికమే. కాపు అయ్యాక కత్తిరిస్తే మళ్ళీ చిగురిస్తుంది. పద్నాలుగు అంగుళాల కుండీ చాలు. వంగపూవులో మకరందం ఉండదు, పుప్పొడి మాత్రమే. అదీ కేసరాల కొసనున్న సన్నని రంధ్రం గుండా రావాలి. తుమ్మెద ఆ కేసరాలను పట్టుకుని, రెక్కలు ఆడించే కండరాలతోనే ఝుమ్మని అదిరిస్తే పుప్పొడి రాలుతుంది. మామూలు తేనెటీగకు ఆ విద్య రాదు. తుమ్మెద ఝంకారం వినాలని ఉన్నవారికి గుత్తివంకాయ కూడా దక్కుతుంది.

మూడవది నాచుపూలు. లోతులేని తొట్టిలో, మండుటెండలో కూడా పూస్తాయి. కొమ్మ తుంచి గుచ్చితే బతుకుతాయి, అలా ఏళ్ళ తరబడి నిలుపుకోవచ్చు. వీటిలోనూ ముద్దవీ, ఒంటిరేకువీ రెండూ దొరుకుతాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఉదయం తొమ్మిదికీ పదకొండుకూ మధ్య చూడండి. నా వాదన అక్కరలేదు, తేనెటీగలే తీర్పు చెబుతాయి.

చలికాలానికి డిసెంబరాలు ఉన్నాయి. పూత అయిపోగానే కత్తిరిస్తే గుబురుగా ఉంటాయి. సీతాకోకచిలుకలకు పొట్టిరకం నూరువరహాలూ, పెంటాసూ పెట్టండి. పెంటాస్ అన్న పేరు తెలుగు చెవికి ఇబ్బందే! గ్రీకులో ‘పెంటె’ అంటే అయిదు, పూవుకు అయిదు రేకులున్నాయని ఆ పేరు వచ్చింది. ఈ రెండింటి సన్నని గొట్టాల అడుగున ఉన్న మకరందం పొడుగుపాటి నాలుక ఉన్నవారికే అందుతుంది. ఎరుపు రంగు తేనెటీగ కంటికి ఆనదు, సీతాకోకచిలుకల్లో చాలావాటికి ఆనుతుంది. కనుక ఎర్రరకాలు వీటిలో ఎంచుకుని, నీలం, ఊదా, పసుపు రంగుల పూలు తేనెటీగలకు ఉంచితే సరి.

ఒక్కొక్క రకం ఒక్కొక్కటి కాకుండా, ఒకే రకానివి మూడునాలుగు కుండీలు ఒకచోట పెట్టడం మేలు. తేనెటీగ ఒక ప్రయాణంలో సాధారణంగా ఒకే జాతి పూవును పట్టుకుని తిరుగుతుంది. ఒంటరి పూవు కోసం అది దారి మళ్ళదు.

పూవు ఎంపిక ఒక ఎత్తు, మందుసీసా మరొక ఎత్తు. ఇమిడాక్లోప్రిడ్ వంటి మందు వేరుకు పోసినా ఆకుకు కొట్టినా మొక్కంతా పాకి, పుప్పొడిలోకీ మకరందంలోకీ చేరుతుంది. తేనెటీగలకు హాని అనే కారణంతో ఐరోపా సమాఖ్య 2018లో దాని ఆరుబయటి వాడకాన్ని నిషేధించింది. పిలిచి విందులో విషం పెట్టడం ఏ సంప్రదాయం? పురుగు మరీ ఎక్కువైతే సాయంత్రం పొద్దుగుంకాక, పూవుల మీద పడకుండా, ఆకుల అడుగున వేపనూనె కొట్టండి. కరివేపాకు మీద గొంగళిపురుగు కనిపిస్తే మాత్రం వదిలేయండి. సీతాకోకచిలుక కావాలిగాని దాని బాల్యం వద్దనడం న్యాయం కాదు.

‘కుడతాయి కదా’ అనే అభ్యంతరం నేను తేలికగా తీసుకోను. పెద్ద తేనెటీగల పట్టు దగ్గర నిజంగానే ప్రమాదం ఉన్నది. దాన్ని తెలిసినవారి చేత తరలింపించాలి. మేముండే భవనంలో ఒక ఏడాది అటువంటి పట్టును రాత్రికి రాత్రి కాల్చివేశారు. తెల్లవారి ఊడ్చిన కుప్పను చూశాక, భయానికీ క్రౌర్యానికీ మధ్య దూరం ఎంత తక్కువో తెలిసింది. పూవు మీద మేసే తేనెటీగకు మాత్రం మనతో పని లేదు. చేత్తో నలిపితే తప్ప అది కుట్టదు.

‘పది కుండీలతో లోకం మారుతుందా?’ అనేది రెండవ అభ్యంతరం. లోకం సంగతి నేను చెప్పలేను. ముల్లు లేని చిట్టి తేనెటీగ గూటి నుంచి కొన్ని వందల మీటర్లకు మించి సాధారణంగా పోలేదు. దానికి లోకమంటే మన వీధే. ఆ వీధిలో పది కుండీలంటే తక్కువేమీ కాదు.

ముద్దపూలను పారేయమనడం లేదు. దేవుడికీ, జడకూ అవి ఉండనివ్వండి. ఈసారి నర్సరీకి పోయినప్పుడు మాత్రం ‘రేకరకం ఉన్నదా?’ అని ఒక్కమాట అడగండి. పదిమంది అడిగితే పదకొండవవాడికి అది ముందు వరుసలో దొరుకుతుంది.