పసిబిడ్డ రాకకు ఇంటి లెక్క

ఎనిమిదవ నెల ప్రవేశించినది మొదలు ఇంటిలో లెక్కలు ప్రారంభమగును. తండ్రి కాబోవువాడు బజారులో అద్దపు బీరువాల వెనుక కనిపించు దోమతెర పరుపులను, రంగుల ఉయ్యాలలను, పాలసీసాలను, సబ్బు, పౌడరు, నూనె కలిపి అమర్చిన పెట్టెలను చూచి, వెలలు అడిగి వచ్చును. ఇంటి ముసలమ్మ మాత్రము, బిడ్డ భూమిమీద పడకముందు ఏదియు కొనరాదని కట్టడి చేయును. ఈ ఇద్దరి నడుమ గర్భిణి మాటాడదు. ఆమె విస్తరిలో ఆ పూట పప్పు ఎంత పడినదో ఎవరును లెక్కవేయరు.

సామాన్య సంసారములలో కాన్పు ఖర్చు అప్పునకు దారితీయుట కొత్త సంగతి కాదు. అయితే ఆ అప్పులో బిడ్డ పాలు మిక్కిలి స్వల్పము. పుట్టిన శిశువునకు కావలసినవి వ్రేళ్లమీద లెక్కింపదగినవి: తల్లిపాలు, తల్లి ఒంటి వెచ్చదనము, శుభ్రమైన మెత్తని గుడ్డలు, వేళకు టీకాలు. వీనిలో మొదటి రెండును అంగడిలో దొరకవు. మూడవది ఇంటి పెట్టెలోనే ఉన్నది. నాల్గవది ప్రభుత్వ కేంద్రములలో ఉచితము. నిజముగా ఖర్చు చేయవలసినది తల్లి మీద. మన ఇండ్లలో ఈ లెక్క తలక్రిందులుగా నడచుచున్నది.

ముసలమ్మ మాటను మూఢనమ్మకమని త్రోసివేయుట సులభము. కాని పుట్టిన బిడ్డలలో అనేకులు దక్కని కాలమున, ఆశపడి కొన్న చొక్కాను చూచి కుమిలిన తల్లుల దుఃఖమే ఆ కట్టడికి మూలమై ఉండవచ్చును. పైగా ఆ ఆచారమునకు తోడుగా మరియొక మంచి ఆచారము కలదు. బిడ్డకు మొదట చుట్టవలసినది పాత గుడ్డయే కాని కొత్త గుడ్డ కాదు. పలుమార్లు ఉతికిన నూలుగుడ్డలో గంజి ఉండదు, గరుకు ఉండదు, తడిని బాగుగా పీల్చును. వంగదేశమున పాతచీరలను పొరలుగా పేర్చి కాంథాలు కుట్టుదురు. మన ప్రాంతమున బొంతలు కుట్టుదురు. ఈ విషయమున పేదరికమును, శిశువు సౌఖ్యమును ఒక్క దారినే నడచినవి.

చిక్కు ఎక్కడ వచ్చుచున్నదనగా, కొత్తవి కొనరాదన్న మాటను ఏదియు సిద్ధపరచరాదని అర్థము చేసికొనుటలో వచ్చుచున్నది. నొప్పులు ఏ అర్ధరాత్రియో మొదలగును. వట్టి చేతులతో ఆసుపత్రి చేరుదురు. తెల్లవారక మునుపే తండ్రి ఎదుటి దుకాణమునకు పరుగెత్తి, దుకాణదారుడు ఇచ్చినదెల్ల అతడు చెప్పిన వెలకు కొని తెచ్చును. ఆ తొందరలోనే అనవసరమైన సరకు ఇంటిలో ప్రవేశించును. పాతవి ఉతికి ఉంచరాదని ఏ ఆచారమును చెప్పలేదు. ఒక్క పాత నూలుచీరను చింపినచో మూరెడుకన్న కొంచెము పెద్దవైన చదరపు గుడ్డలు సుమారు ఇరువది వచ్చును. రెండు చీరలున్నచో నలుబది. వానిని సబ్బుతో ఉతికి, నీళ్లలో మరగించి, మంచి ఎండలో ఆరవేసి, ఒక సంచిలో మూట కట్టి ఉంచవలెను. ఒక టోపీ, రెండు జతల మేజోళ్లు, తల్లికి రెండు జతల బట్టలు దానితోపాటు చేర్చినచో బిడ్డ సామాను దాదాపు పూర్తియైనట్లే.

అన్నిటికంటె పెద్ద ఖర్చు పాలడబ్బా. మూడు నెలల బిడ్డకు కేవలము పొడిపాలే పట్టదలచినచో 400 గ్రాముల డబ్బా నాలుగు దినములైనను రాదు. కూలి ఇంటిలో నాలుగు దినములకొక డబ్బా కొనుట సాధ్యమా? కాదు గనుక నీళ్లు ఎక్కువ పోసి పలుచన చేయుదురు. బిడ్డ కడుపు నిండినట్లే ఉండును, తూకము మాత్రము పెరుగదు. సరిగా మరగని సీసా వలన విరేచనములు పట్టుకొనును. అప్పుడు మందుల ఖర్చు వచ్చి చేరును. ఈ హాని నెరిగియే పార్లమెంటు 1992లో శిశు ఆహార చట్టమును చేసి, 2003లో దానిని మరింత గట్టిపరచినది. దాని ప్రకారము పాలపొడికి, పాలసీసాకు ప్రకటనలు ఇయ్యరాదు. తల్లులకు నమూనాలు ఉచితముగా పంచరాదు. డబ్బా మీద బిడ్డ బొమ్మనైనను వేయరాదు. చట్టమే ఇంత అనుమానముతో చూచు వస్తువును ఇంటివారు ముందుగానే కొని అలమరలో ఉంచుట వింత. ఏ తల్లికైనను ఆరోగ్య కారణమున పాలీయ వీలుకానిచో అది వైద్యుడు నిర్ణయింపవలసిన సంగతి. అప్పుడు కొలతలో పొదుపు పనికిరాదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున నూటికి సుమారు 89 కాన్పులు ఆసుపత్రులలో జరుగగా, పుట్టిన గంటలోపల తల్లిపాలు త్రాగిన శిశువులు నూటికి 42 మంది మాత్రమే. మిగిలినవారిలో ఎందరి నాలుకకు మొదట తేనెయో, చక్కెర నీళ్లో, ఆముదమో తగిలినది! కొన్ని ఊళ్లలో గాడిదపాలు అమ్ముకొనువాడు వీధిలో కేక వేయగా, చిన్న గిన్నెడు పాలకు పెద్ద మొత్తము చెల్లించువారు నేటికిని ఉన్నారు. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప నీటి చుక్కయైనను బిడ్డకు అక్కరలేదు. పాలు చాలుచున్నవా అను సందేహమునకు ఖర్చులేని పరీక్ష కలదు. మొదటి వారము గడచిన పిమ్మట బిడ్డ దినమునకు ఆరుమార్లైనను మూత్రము పోయుచు, తూకము పెరుగుచున్నచో చాలుచున్నట్లే. కాటుక, పౌడరు కూడ లెక్కలోనుండి కొట్టివేయదగినవి. కొన్ని కాటుకలలో సీసము ఉన్నట్లు పరీక్షలలో తేలినది.

ఇక తల్లి సంగతి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్కల ప్రకారము గర్భిణికి దినమునకు 350 కేలరీల ఆహారము, పాలిచ్చు తల్లికి మొదటి ఆరు నెలలు 600 కేలరీల ఆహారము అదనముగా కావలెను. 600 కేలరీలనిన భయపడనక్కరలేదు. మరికొంత అన్నము, గిన్నెడు పప్పు, గుప్పెడు వేరుసెనగలు, ఒక గ్రుడ్డు, ఇంతే. అయినను ఇది చాల ఇండ్లలో అందుటలేదు. పైన చెప్పిన సర్వేలోనే గర్భిణులలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. అంగన్‌వాడీలో ఇచ్చిన గ్రుడ్డును ఇంటికి తెచ్చి పెద్దపిల్లవానికి పెట్టు తల్లిని ఎవరును తప్పుపట్టలేరు. కాని ఆ పిల్లవానికి వేరొక గ్రుడ్డు కొనుటకు, కొనదలచిన ఉయ్యాల వెలలో కొంత చాలును. చూరునకు వ్రేలాడు చీర ఉయ్యాలలో తరతరముల బిడ్డలు నిద్రపోయినారు. దూలము గట్టిదై, పెద్దవారు చెంత నుండవలెను, అంతియే.

కాన్పు తరువాత పథ్యము పేరిట బాలింతకు కూరలు మాన్పించి, కారపుపొడి అన్నము పెట్టి, నీళ్లుకూడ కొలిచి ఇచ్చు ఇండ్లు ఇంకను కలవు. సీమంతమునకు అప్పు తెచ్చి ఊరికి భోజనము పెట్టిన ఇంటిలోనే నెల తిరుగకముందు తల్లికి పాలుకూర దొరకకపోవుట కంటె దండుగ వ్యయము మరియొకటి లేదు. ఊరికి పెట్టిన భోజనము ఒక్క పూటతో తీరును. తల్లి తినిన దానినే బిడ్డ పాలుగా త్రాగును. సీమంతము మానుమని ఎవరును అనరు. పసుపుకుంకుమలకు, పది జతల గాజులకు అప్పు అక్కరలేదు.

చేతిలో నిలువ ఉంచవలసిన రొక్కము వేరు. 2011లో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము వలన ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, శస్త్రచికిత్సయైనను, మందులు, రక్తము, తల్లికి ఆహారము, రానుపోను బండి ఉచితములు. 108కి పిలుపు చేసినచో బండి వచ్చును. తొలి కాన్పునకు ప్రధానమంత్రి మాతృవందన యోజన క్రింద 5,000 రూపాయలు, రెండవ బిడ్డ ఆడపిల్లయైనచో 6,000 రూపాయలు అర్హులైన తల్లి ఖాతాలో పడును. దీనికి ముందుగా అంగన్‌వాడీలో పేరు నమోదు కావలెను. అయితే వెంట వచ్చినవారి తిండికి, ఆ దినములలో పోయిన కూలికి, బండి అందక ఆటో పిలువవలసి వచ్చినచో దానికి ఏ పథకమును చెల్లింపదు. ఈ మూడింటికి సరిపడు మొత్తమును ఆరవ నెల నుండి వారమునకు కొంతగా దాచి, తాళపుచెవి తల్లి చేతికే ఇయ్యవలెను. రక్తమీయగల బంధువు ఎవరో, పెద్దపిల్లలను ఆ రాత్రి ఎవరు చూతురో అప్పుడే అడిగి ఉంచుకొనవలెను.

పాతగుడ్డల విషయమున ఒక వ్యయమును ఎవరును లెక్కలో వేయరు. బిడ్డకు దినమునకు పది పండ్రెండు గుడ్డలు తడియును. కొని పారవేయు డైపరు కంటె గుడ్డ చౌక యనువారు, దానిని ఉతుకు చేతులను మరచుచున్నారు. పచ్చిబాలింత బావివద్ద కూర్చుండి గుడ్డలు ఉతుకవలసి వచ్చినచో ఆ పొదుపు ఆమె నడుమునుండి తీసినదే యగును. పుట్టినింట అమ్మమ్మ ఉన్నచో ఆమె చేయును. ఆమెకు మోకాళ్ల నొప్పులైనచో? తండ్రి చేయవలెను. పనికి పోవుటకు ముందు బక్కెటెడు గుడ్డలు పిండి ఆరవేయుటకు అరగంట చాలును. ఇరుగుపొరుగువారు మొదటి రెండు దినములు నవ్వుదురు, మూడవనాడు మానుకొందురు. పెరటిలో ఎండ తగులు చోట దండెము కట్టుపని మాత్రము కాన్పు తరువాతకు ఉంచక ఎనిమిదవ నెలలోనే పూర్తిచేయవలెను; వానకాలమైనచో వసారాలో మరియొక త్రాడు కావలెను.