గురువారం ఏడింటికి పప్పన్నం

ఈ ఆగస్టులో ఎమ్మెస్‌కి వెళ్తున్న మన సీనియర్ల లగేజీ లిస్టు వాట్సాప్‌లో చూశాను. ప్రెషర్ కుక్కర్, స్పేర్ గాస్కెట్, కందిపొడి, ఆవకాయ, జ్వరం మాత్రలు, రెండు జతల కళ్లజోళ్లు. మంచి లిస్టే. కానీ అక్కడికెళ్లాక నలుగురిని ఒకచోట కూర్చోబెట్టడం ఎలాగో అందులో ఎక్కడా లేదు. ఉండాలని నా అభిప్రాయం. నవ్వకండి, సీరియస్‌గానే చెప్తున్నా.

బీటెక్‌లో మనకి ఫ్రెండ్స్ ఫ్రీగా వస్తారు. ఒకే టైమ్ టేబుల్, ఒకే మెస్, ఒకేసారి ఇంటర్నల్స్. రాత్రి పదకొండుకి ఎవడో ఒకడు "టీకి వస్తార్రా?" అంటే కారిడార్ కారిడారే లేస్తుంది. పీజీలో ఆ సెటప్ ఉండదు. మా పెద్దమ్మ కూతురు టెక్సాస్‌లో ఎమ్మెస్ చేస్తోంది. అపార్ట్‌మెంట్‌లో నలుగురూ తెలుగమ్మాయిలే. ఒకరికి సాయంత్రం క్లాసులు, ఒకరు అర్ధరాత్రి దాకా ల్యాబ్‌లో, ఒకరికి క్యాంపస్ డైనింగ్ హాల్లో పని. ఎఫ్-1 వీసా మీద సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి పని చేయకూడదు. డైనింగ్ హాల్ కాబట్టి ఆ 20 గంటలూ సరిగ్గా భోజనాల వేళకే పడతాయి. మొదటి సెమ్ అంతా నలుగురూ స్టవ్ దగ్గర క్యూలో తప్ప కలవలేదట. "ఇంట్లో నలుగురం రా, తినేది మాత్రం ఒక్కదాన్నే, లాప్‌టాప్ ముందు" అంది అక్క. ఆ మాట నాకు తగిలింది.

అలాగని కలవాలని ఎవరికీ లేదా అంటే, అందరికీ ఉంది. గ్రూపులో "ఎప్పుడు కలుద్దాం?" అని మెసేజ్ వస్తుంది. పోల్ పెడతారు. ఐదుగురు శనివారం అంటారు, నలుగురు ఆదివారం అంటారు, మిగతావాళ్లు చూసి వదిలేస్తారు. మన భాషలో చెప్పాలంటే, పది మంది ఖాళీ టైముల ఇంటర్‌సెక్షన్ తీస్తే వచ్చేది ఎంప్టీ సెట్. మనుషుల్ని పెంచేకొద్దీ అది ఇంకా ఎంప్టీ అవుతుంది!

రెండో సెమ్‌లో అక్క పోల్ మానేసింది. ప్రతి గురువారం ఏడింటికి పప్పు, అన్నం, ఆవకాయ, ఏదో ఒక వేపుడు. వచ్చినవాళ్లు వస్తారు. రానివాళ్లు సారీ చెప్పక్కర్లేదు, కారణం అసలే చెప్పక్కర్లేదు. ఒక్కో వారం ఇద్దరే ఉంటారు, ఒక్కోసారి పదకొండు మంది అవుతారు. ఎంతమంది వచ్చినా గురువారం మాత్రం మారదు. నాకైతే కిటుకంతా అక్కడే ఉందనిపిస్తుంది.

పాట్‌లక్ అంటే మనకేం కొత్త కాదు. కార్తీకమాసంలో ఉసిరిచెట్టు కింద మా కాలనీ ఆంటీలు చేసేది అదే. ఒకరు పులిహోర, ఒకరు దద్దోజనం, ఒకరు గారెలు. అమెరికాలో థాంక్స్‌గివింగ్ నవంబర్ నాలుగో గురువారం, చాలా ఏళ్లు మన కార్తీకం కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. కాబట్టి మొదటి వనభోజనాలకి ముహూర్తం వెతుక్కోనక్కర్లేదు. చెట్టు లేకపోతే కార్పెట్టే!

అబ్బాయిలకి మాత్రం ఒక మాట. రెండు లీటర్ల కోక్ బాటిల్ కూర కాదు. వంట రాకపోతే పెరుగు తెండి, ఉల్లిపాయలు కోయండి, తిన్నాక గిన్నెలు తోమండి. అమ్మాయిలు వండటం, మనం "సూపర్ ఉంది" అనటం, ఇది రెండు వారాలు నడుస్తుందేమో. మూడో వారం వండినవాళ్లకే విసుగొస్తుంది. అక్క వాళ్లింట్లో వండినవాళ్లు సింక్ దగ్గరికి వెళ్లకూడదని రూల్.

డబ్బు సంగతి ఇంకొంచెం సున్నితం. 30, 40 లక్షల లోన్‌తో వెళ్లినవాడికి రెస్టారెంట్ బిల్లు స్ప్లిట్‌వైజ్‌లో రాగానే రూపాయల్లోకి లెక్క మొదలవుతుంది. వాడు "డబ్బుల్లేవు" అనడు, "తలనొప్పిగా ఉంది" అంటాడు. రెండుసార్లు అలా అన్నాక మనం కూడా పిలవడం మానేస్తాం. అందుకే పప్పన్నం అంటున్నా.

ఆటలకీ ఖర్చు అక్కర్లేదు. మన హాస్టల్లో ఆడే మాఫియా ఉంది కదా, దాన్ని 1986లో మాస్కో స్టేట్ యూనివర్సిటీలో దిమిత్రీ డేవిడాఫ్ అనే సైకాలజీ స్టూడెంట్ తయారుచేశాడు. బోర్డు లేదు, బొమ్మల్లేవు, అయినా హాస్టల్ నుంచి హాస్టల్‌కి ప్రపంచమంతా తిరిగింది. తెలుగు రాని ల్యాబ్‌మేట్ ఒక్కరొచ్చినా అందరం ఇంగ్లీషులోనే అబద్ధాలాడొచ్చు. తెలుగు క్లబ్ పత్రికలో ఈ మాట రాయకూడదేమో గానీ, ఒకరిని పక్కన కూర్చోబెట్టి మనం తెలుగులో పగలబడి నవ్వుకోవడం మర్యాద కాదు.

"అంత అప్పు చేసి వెళ్లేది చదువుకోడానికా, పార్టీలకా?" అని ఇంట్లో అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వారానికి రెండు గంటలు, ఎలాగూ తినాల్సిన తిండి. ఆ రెండు గంటలు మిగిల్చినా ఆ టైములో రీల్సే చూస్తాం, మనకి తెలీదా!

నేను అన్నిటికంటే గట్టిగా సపోర్ట్ చేసేది అక్క పెట్టిన ఇంకో రూల్. ప్లేట్లు తీసేదాకా ఉద్యోగాల మాట ఎత్తకూడదు. చదువయ్యాక మొదటి ఏడాది ఓపీటీలో మొత్తం కలిపి 90 రోజులకి మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఆ రోజులు లెక్కపెట్టుకుంటున్నవాళ్లని గుమ్మంలోనే "ఏమైంది, ఆఫర్ వచ్చిందా?" అని అడిగితే వచ్చేవారం రారు. ఆ సమయంలోనే వాళ్లకి మనుషులు కావాలి. వాళ్ల సీనియర్ ఒకామె అలాగే రెండు నెలలు కనబడలేదట. రూల్ సంగతి ఎవరో చెప్తే ఒక గురువారం వచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు. రెండుసార్లు పప్పు వేయించుకుని, మాఫియాలో అందరికంటే ముందు చచ్చిపోయి, మిగతా రౌండ్ అంతా సోఫాలో పడి నిద్రపోయిందట. లేపకుండా దుప్పటి కప్పారు.