మొదలు పెకలించవద్దు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటినప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆవరణలో ఏళ్లనాటి చెట్లు ఎన్నో నేలకొరిగాయి. మన ఏజెన్సీ నుంచి అక్కడికి చదువుకు వెళ్లిన పిల్లలు ఆ నీడను ఎరుగుదురు. అదే తుపానుకు ఇటు కొండలపై కాఫీ తోటల్లో నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కూలాయి. నీడ పోయిన కాఫీ రైతు గతి వేరే చెప్పనక్కరలేదు. ఆ రోజుల్లో దారులు తెరవడం, కరెంటు పునరుద్ధరించడం ముందు పని కనుక రంపాలు ఆడాయి. అందుకు ఎవరినీ తప్పుపట్టలేము. కాని పడిన చెట్టంటే కట్టెలేనన్న అలవాటు మాత్రం తుపానుతో పోలేదు.

పదేళ్ల తరువాత గోదావరి ఒడ్డున మరో విధంగా జరిగింది. మన సీలేరు నీరు శబరిలో కలిసి, కూనవరం వద్ద గోదావరిలో చేరి, కొవ్వూరు మీదుగా పోతుంది గదా. ఆ కొవ్వూరు మండలం కుమారదేవంలో సినిమా చెట్టని పేరుపడ్డ నిద్రగన్నేరు ఉండేది. దానికి నూటయాభై ఏళ్లని చెబుతారు. 2024 ఆగస్టు 5న ఆ మహావృక్షం కూలిపోయింది. అయితే మొదలును పెకలించలేదు. రోటరీ క్లబ్ వారు పూనుకుని దానికి మందులు పట్టించారు. కొన్ని వారాలకు చిగుళ్లు వేసింది. పాత నీడ మళ్లీ రావడానికి మన ఆయుష్షు చాలదు, నిజమే. మనుమలకు అందుతుంది.

మన వైపు గాలివానకు చింత పడితే సాయంత్రానికి గొడ్డళ్లు చేరతాయి. కొమ్మలు పొయ్యిలోకి పోతే పోనీండి. వేరుకు నిప్పు పెట్టడం దేనికి? జీలుగు, తాడి వంటివి తల విరిగితే ఇక లేవవు. చింత, వేప, ఇప్ప అలా కాదు. వేళ్లు సజీవంగా ఉంటే మొదలు చిగురించే అవకాశముంది. విరిగిన చోట నీరు నిలవకుండా ఏటవాలుగా కోసి, బయటపడ్డ వేళ్లపై మట్టి కప్పి, మేకలు రాకుండా చుట్టూ కంప వేయాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

రోడ్ల శాఖ వారు దారికి అడ్డుపడ్డ మాను తొలగించాలి. కాని దారికి అడ్డంలేని మొదలును యంత్రంతో పెకలించరాదు. పంచాయతీలు ఊరూరా ఉన్న పెద్ద చెట్ల జాబితా తుపానుల కాలానికి ముందే రాసుకోవాలి. చెట్టు పడిన రోజునే అటవీ సిబ్బందికి కబురందాలి, మూడోనాడు కాదు.