మరో 12 మందికి చోటు

కొత్త విశ్వవిద్యాలయాలను చేర్చుకుంటే బాస్కెట్‌బాల్ పోటీల స్థాయి పడిపోతుందన్న వాదనతో నేను ఏకీభవించలేను.

అమెరికాలో కళాశాల క్రీడాకూటములే తమ సభ్యులను ఎంచుకుంటాయి. అందులో టీవీ ఆదాయానిదే పెద్ద మాట. పసిఫిక్ తీరాన, బర్క్లీలో ఉన్న ప్రభుత్వ విశ్వవిద్యాలయం 2024లో అట్లాంటిక్ తీర కూటమిలో చేరింది! మన అంతర్విశ్వవిద్యాలయ పోటీల్లో జోన్‌ను నిర్ణయించేది భూగోళమే. నాకిదే న్యాయమనిపిస్తుంది.

జట్టుకు 12 మందే. భువనగిరి విద్యార్థి ఒకప్పుడు ఉస్మానియా జట్టులో చోటుకై హైదరాబాదు కళాశాలలతో పోటీపడవలసి వచ్చేది. 2007లో నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఏర్పడటంతో మరో 12 మందికి దారి దొరికింది. కొత్త జట్టు తొలి ఆటలోనే ఓడవచ్చు. ఓడడానికైనా కోర్టులోకి రానివ్వాలి కదా!

అయితే ప్రవేశమొక్కటే చాలదు. కళాశాలల్లో కోర్టులూ, శిక్షకులూ ఉండాలి. మీరేమంటారు?