డిజిటల్ గిటారుకు వేదికపై చిన్న స్పీకరు

అమెరికాలో తెలుగు సంఘాలు ఉగాదికో దీపావళికో అద్దెకు తీసుకునే పాఠశాల వేదికల మీద ఒక దృశ్యం తరచుగా కానవస్తుంది. నెలల తరబడి ఇంట సాధన చేసిన బాలుడు గిటారుతో వేదిక ఎక్కుతాడు. ఎదురుగా ఉన్న పెద్ద స్పీకర్ల ద్వారా సభికులకు అతని వాద్యం చక్కగానే వినిపిస్తుంది. తబలా, కీబోర్డుల హోరులో అతనికి మాత్రం తన తీగ పలుకు చేరదు. శ్రుతి నిలిచిందో లేదో తెలియక మరింత గట్టిగా మీటుతాడు. మరుసటి వారం తండ్రి దుకాణానికి వెళ్ళి, అన్నిటికంటె పెద్ద వాట్ల సంఖ్య అచ్చువేసిన స్పీకరును కొని తెస్తాడు. ప్రేమతో చేసిన పనే గాని, ఆ ఎంపికలో శాస్త్రం లేదు.

రాగాలు పలికించే పిల్లలకు ఈ లోటు మరింత కష్టం. 1969లో పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలెక్ట్రిక్ మాండలిన్‌ను కర్ణాటక సంగీత వేదికపైకి తెచ్చి, మెట్లున్న వాద్యం మీద కూడా గమకం పలుకుతుందని నిరూపించారు. అయితే లాగిన తీగ ఏ స్వరస్థానం వద్ద ఆగవలెనో చెప్పవలసినది చెవి. ఆ చెవికి ధ్వని అందకపోతే విద్య ఎంత ఉన్నా అక్కరకు రాదు.

నేటి డిజిటల్ గిటారు యాంప్లిఫయరు నిజానికొక చిన్న కంప్యూటరు. 1998లో లైన్ 6 సంస్థ ‘పాడ్’ అనే పరికరాన్ని విడుదల చేసిన తరువాత ఈ పద్ధతి సామాన్య గృహాలకు చేరింది. పాత వాల్వు యాంప్లిఫయరు ధ్వనిని ఎట్లా వక్రీకరిస్తుందో, పన్నెండు అంగుళాల గిటారు స్పీకరు దేనిని పలికి దేనిని మింగుతుందో, అదంతా గణితరూపంలో అందులోనే ఉంటుంది. గిటారు స్పీకరు సుమారు 5,000 హెర్ట్జులు దాటిన పౌనఃపున్యాలను చాలావరకు అణచివేస్తుంది. కర్కశత్వం వడగట్టబడేది అక్కడే. పరికరంలో ఒకసారి జరిగిన ఈ వడపోత తరువాత ధ్వనిని మళ్ళీ గిటారు స్పీకరులోకే పంపడం, గంజి వార్చిన అన్నాన్ని మరల వార్చడం వంటిది. ఇంట ఉన్న గిటారు యాంప్లిఫయరునే వాడదలచినవారు పరికరంలోని స్పీకరు అనుకరణను ఆపివేస్తే చాలును. కొత్తది కొనేవారికి తగినది, తన రుచి కలపక అన్ని పౌనఃపున్యాలను సమంగా పలికే స్పీకరు. విపణిలో దీనిని ‘ఎఫ్.ఆర్.ఎఫ్.ఆర్.’ అంటారు. ఆ నాలుగక్షరాలు పెట్టెపై ఉన్నంత మాత్రాన ఆ గుణం ఉన్నట్లు కాదు. గిటారుతో పాటు పరికరాన్ని కూడా దుకాణానికి తీసుకొనిపోయి విని కొనడం మేలు.

ఇక వాట్లు. శక్తి రెండింతలైతే పెరిగే ధ్వని 3 డెసిబెల్లు మాత్రమే. చెవికి రెట్టింపు అనిపించడానికి దాదాపు పదింతల శక్తి అవసరం. పెట్టెలపై కనిపించే 2,000 వాట్లు సాధారణంగా క్షణమాత్రం నిలిచే శిఖర సంఖ్య. అదే స్పీకరును రెండు మీటర్ల దూరం నుండి ఒక మీటరుకు జరిపితే, గోడల ప్రతిధ్వని లేనిచోట, 6 డెసిబెల్లు కలిసివస్తాయి. నాలుగింతల శక్తి ఇచ్చే లాభం కాణీ ఖర్చు లేకుండా లభిస్తుంది.

గిటారు అతి మంద్రపు తీగ 82 హెర్ట్జుల వద్ద పలుకుతుంది గనుక పదిహేను అంగుళాల పెట్టె అనవసరం. చీరల సంచులు, పులిహోర పళ్ళేల నడుమ కారులో దానికి చోటు కూడా దొరకదు. ఇట్టి వేదికలకు పది అంగుళాల కోయాక్సియల్ స్పీకరు ఉత్తమం. తారధ్వనులు పలికే భాగం పెద్ద శంకువు నడుమనే అమరి ఉన్నందువలన, దగ్గర నిలిచిన వాదకునికి ధ్వని ఒకే చోటు నుండి వచ్చినట్లు వినిపిస్తుంది. దానిని ముఖం వైపు వాల్చి నిలపాలి. మోకాళ్ళకు చెవులు లేవు కదా!

ఇంట తక్కువ ధ్వనిలో దిద్దుకున్న స్వరం వేదికపై గుబగుబలాడడానికి కారణాన్ని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే వివరించారు: ధ్వని తగ్గినప్పుడు చెవికి మంద్రధ్వనులు సరిగా అందవు, అందుచేత ఇంట వాటిని అతిగా పెంచుతారు. నేలపై ఉంచిన స్పీకరు ఆ మంద్రాన్ని ఇంకా హెచ్చిస్తుంది. కార్యక్రమానికి ముందే వేదిక స్థాయిలో విని మంద్రాన్ని తగ్గించుకోవాలి.

ధ్వనిని అదుపులో ఉంచడానికి మరొక కారణం చాలా గంభీరమైనది. అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్ల ధ్వనిలో రోజుకు ఎనిమిది గంటలకు మించి ఉండరాదు. ప్రతి 3 డెసిబెల్లకు ఆ కాలం సగమవుతుంది. 100 వద్ద అది 15 నిమిషాలే. మనిషి లోపలి చెవిలో నశించిన రోమకణాలు మళ్ళీ మొలవవు. పెద్ద స్పీకరును దూరాన నిలిపి గర్జింపజేసే తండ్రి, పదిహేనేళ్ళ పిల్లవాని చెవిని పణంగా పెడుతున్నాడు.

సెలవులలో ఆ స్పీకరును ఆంధ్ర, తెలంగాణలకు తీసుకువెళ్ళదలచినవారు వెనుకనున్న పలకను తప్పక చదవాలి. ఇక్కడి విద్యుత్తు 120 వోల్టులు, అక్కడిది 230. రెండింటినీ స్వీకరిస్తుందని వ్రాసి ఉంటే తప్ప అక్కడ నేరుగా తగిలించరాదు.