దండనకు ముందు పరిశీలన

అనకాపల్లి జిల్లాలోని పరవాడ మందుల కర్మాగారములకు పేరుపొందిన యూరు. తయారైన మందు పరీక్షింపబడకుండ విపణికి పోరాదని చట్టము. మందు విషయమున నింత జాగ్రత్త వహించు లోకము, పసివాని విషయమున మాత్రము పరీక్ష లేకయే తీర్పు చెప్పుచున్నది.

తరగతిలో నొక బాలుడు కుదురుగా కూర్చుండడు. ప్రశ్న ముగియకమున్నే బదులు చెప్పును. చేయుచున్న లెక్కను నడుమ విడిచి కిటికీ వంక చూచును. పుస్తకమో, కలమో నిత్యము పోగొట్టుకొనును. వానిని "సోమరి", "పోకిరి" యందురు. "మొక్కై వంగనిది మానై వంగునా" యని బెత్తము నెత్తువారును కలరు. వాడు మాట విననివాడా, వినదలచియు మనస్సు నిలుపజాలనివాడా యని విచారించువారు అరుదు.

1902లో జార్జి స్టిల్ అను వైద్యుడు లండను నగరమున నిచ్చిన ఉపన్యాసములలో, తెలివి కొఱవడకున్నను నిగ్రహము చాలని బాలురను వర్ణించెను. అట్టి స్థితిని నేటి వైద్యులు ఏ.డి.హెచ్.డి. అందురు. ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించినది. పెంపకమువలన గలుగు దోషము కాదు.

అట్లని గంతులువేయు ప్రతి పిల్లవానికిని ఈ పేరు తగిలించుటయు తప్పే. 2013లో అమెరికా మనోవైద్యులు ప్రకటించిన నియమముల ప్రకారము, లక్షణములు కనీసము 6 నెలలు నిలిచియుండవలెను. 12 ఏండ్లు నిండకమున్నే కొన్ని పొడసూపియుండవలెను. బడిలోనేగాక యింటనో, మఱియొకచోటనో కూడ కనబడవలెను. దీనిని తేల్చు రక్తపరీక్ష లేదు. చూపు, వినికిడి, నిద్ర సరిగా నున్నవో లేవో విచారించి, తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను అడిగి వైద్యుడు నిర్ణయించును. కావున ఉపాధ్యాయుడు సాక్షియే గాని న్యాయాధిపతి కాడు.

అల్లరి చేయక పరధ్యానమున మునిగియుండు బాలికలు పలుమారు ఎవరి కంటను బడరు. బాల్యమున గుర్తింపబడక, పెద్దవారై కొలువులో పనులు మఱచుచు, తమ్ము తామే నిందించుకొనువారును కలరు. బిడ్డను వైద్యునికడకు గొనిపోయినపుడు, ఆ ప్రశ్నలలో తమ బాల్యమునే గుర్తించు తల్లిదండ్రులు లేకపోలేదు.

2013లో భారతప్రభుత్వము ఆరంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము, పిల్లలలో పరిశీలింపవలసిన లోపములలో దీనిని గూడ చేర్చినది. పరవాడవారికి అందుబాటుగా విశాఖపట్టణమున, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల కలదు.

పేరు పెట్టుట ముద్రవేయుటకు గాదు, సాయము చేయుటకు. ముందు వరుసలో నొక చోటు, చిన్న చిన్న భాగములుగా పని, అవసరమైనచో వైద్యుడిచ్చు మందు, ఇవి బెత్తముకంటె మేలు చేయును. పాఠము నడుమ త్రోవ తప్పిన తోటివానిని వెక్కిరింపక, చదువుచున్న పంక్తిని వ్రేలితో చూపు విద్యార్థియు ఆ సాయములో పాలుపంచుకొనినవాడే.